నీలం క్రేటు

ఎడమ పుల్ల తనంతట తానే పక్కకి లాగుతుందని
దాచకుండా చెప్పే అమ్మాను.
కంచరపాలెం నుంచి వచ్చిన ఆటో ఆయన
కొడుకు వైపు చూశాడు. కొడుకు పెట్టె వైపు చూశాడు.
పద్నాలుగు వేల ఐదొందలు.
రెండుసార్లు లెక్కపెట్టుకుని
మూడోసారి నన్ను లెక్కపెట్టమన్నాడు.
ఆరేళ్లు అది కూర్చున్న చోట, టీవీ కింద,
దుమ్ము పట్టని చదరం ఒకటి మిగిలింది.
అమ్మ వెంటనే అక్కడ ఇస్త్రీపెట్టె పెట్టేసింది.

మొత్తం కలిపితే ముప్పై ఆరు వేలు.
ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యల తూకం రాసే గుమాస్తాకి
అది నాలుగు నెలల ఓవర్‌టైమూ
కొనుక్కోని రెండు చొక్కాలూ.

ద్వారకానగర్‌లో మెట్లెక్కాను, దిగాను.
అద్దాల వెనక రంగు దీపాల ఫ్యాన్లు
పెళ్లి పందిరిలా వెలుగుతున్నాయి.
దీపాల్లేనివి చూపించమన్నాను.
"లైటింగ్ లేకపోతే గేమింగ్ ఏటి బాబూ" అన్నాడు కౌంటర్లో కుర్రాడు.
ప్రాసెసర్ రెండు తరాల వెనకటిది.
ర్యామ్ ఇప్పటికి ఒక్కటే, రెండోది దీపావళి బోనస్‌కి.
గ్రాఫిక్స్ కార్డు మాత్రం
గాజువాకలో మూసేస్తున్న నెట్ సెంటర్‌ది.
జగ్గారావు గారు పాత పళ్ల బ్రష్‌తో దాని రెక్కలు తోముతూ
"నాలుగేళ్లు నాకు అద్దె కట్టింది" అన్నారు,
పాడి గేదెని అమ్ముతున్నట్టు.
బేరమాడ్డానికి నోరు రాలేదు.
ఆడాను గానీ, ఐదొందలకే.
కింద మూల ఆకుపచ్చ గీత ఉన్న మానిటర్ కూడా ఇచ్చి
"పవర్ సప్లై ఒక్కటీ కొత్తది కొను.
మన ఉప్పుగాలి చవక సరుకుని
మూడు వానల్లో నమిలేస్తాది" అన్నారు.

కొన్నాను. ఇక కేబినెట్‌కి మిగిలింది
రెండొందల నలభై.

అందుకే ఈ క్రేటు.
నీలం ప్లాస్టిక్, నాలుగు వైపులా కన్నాలు,
నిన్నటిదాకా ఇరవై కిలోల టైగర్ రొయ్యల్ని మోసింది.
గాలి ఆడే పెట్టె ఇంతకన్నా మంచిది
ఆ మెట్ల మీద ఎక్కడా లేదు.
అమ్మ చింతపండు పెట్టి తోమింది, నిమ్మడొప్పలు పెట్టి తోమింది,
మూడ్రోజులు మేడ మీద ఎండబెట్టింది.
అయినా ఫ్యాన్ వేగం అందుకుంటే
గదిలో సన్నగా రేవు వాసన.

మొదటిసారి నొక్కితే ఏమీ రాలేదు.
రెండోసారి ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే.
రాత్రి పదకొండున్నరకి జగ్గారావు గారికి ఫోను.
ఆవులిస్తూ,
"ర్యామ్ ఊడదీసి మళ్లీ పెట్టు.
భయపడతా నొక్కితే కూకోదు. టక్కుమనాల."
టక్కుమంది.

ఆటలో ఒక సముద్రం ఉంది.
అన్నీ ఎక్కువలో పెడితే బొమ్మ ఈడ్చుకుంటూ నడిచింది.
నీడలు తగ్గించాను. గడ్డి పీకేశాను.
దూరపు కొండల్ని మంచులోకి తోసేశాను.
చివరికి నీళ్ల జోలికి వెళ్లాను.
అలలు పోయి
ఇస్త్రీ చేసిన లుంగీలా పరుచుకుంది సముద్రం.
అరవై ఫ్రేములు!
అరిచినట్టున్నాను.

తలుపు దగ్గర నాన్న, వల కుడుతున్న సూది చేతిలోనే ఉంది.
"నీరేటిరా అలాగుంది, సచ్చిపోయినట్టు?"
"డబ్బుల్లేవు నాన్నా."
ముప్పై ఏళ్లు నీటి మీద తిరిగిన మనిషికి
అలకి డబ్బు కట్టాలని చెప్పడం ఎలాగో అనిపించింది.
కూర్చున్నాడు. ఓపాలి ఎక్కువ పెట్టి చూపించమన్నాడు.
పెట్టాను. ఫ్యాన్లు హోరెత్తాయి.
పడవ ఒక్కో అల దగ్గర ఆగి
ఆలోచించుకుని ఎక్కింది.
"తూరుపు గాలికి అల ఇంత పొట్టిగా లేవదు" అన్నాడు,
"గానీ ఇదే ఉంచు. ఆగి ఆగి ఎల్తే ఎల్లనీ.
పడవన్నాక అలాగే ఎల్తాది."

నిన్న కంచరపాలెం కుర్రాడు ఫోన్ చేశాడు.
"అన్నా, ఇందులో నీ పేరుంది, నీ ఆటలన్నీ ఉన్నాయి.
తీసేయమంటావా?"
ఆరేళ్లు.
"చోటు చాలుతుందా?" అని అడిగాను.
"చాల్దన్నా."
"అయితే తీసెయ్."
కాసేపు బొత్తాల చప్పుడు.
"అన్నా, పుల్ల ఎడమకి లాగేస్తంది."
"చెప్పాను కదా. కాస్త కుడికి పట్టుకుని ఆడు,
అలవాటైపోద్ది."